గుండె ముందా, ఊపిరి ముందా?



"నిన్న సాయంత్రం దాకా బాగానే ఉన్నాడండీ. రచ్చకట్ట మీద కూర్చుని నవ్వుతూ మాట్లాడాడు. తెల్లారేసరికి లేడు." ఇలాంటి మాట వినని ఊరు మన బీదరు జిల్లాలో ఉండదు. ఔరాదు, భాల్కి, హుమ్నాబాదు ఎటు వెళ్ళినా వింటాం. సరిహద్దు దాటి జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు వెళ్ళినా వింటాం. "గుండె ఆగిపోయింది" అంటారు పెద్దలు. "ఆయువు అంతే" అని సరిపెట్టుకుంటారు ఇంట్లోవాళ్ళు.

కాని ఆగే ముందు ఆ గుండెలో ఏం జరిగింది? గడియారంలాగ ఒక్కసారిగా నిలిచిపోయిందా, లేక మరేదైనా జరిగి ఆ తర్వాత నిలిచిందా? ఇలా హఠాత్తుగా పోయినవాళ్ళలో చాలామంది గుండె మొదట ఆగలేదు, మొదట లయ తప్పింది. లయ తప్పి, రక్తాన్ని తోయలేక, అక్కడక్కడే వణికి, ఆ తర్వాత ఆగింది. ఆ వణికే కొద్ది నిమిషాల్లో పక్కన ఉన్నవాళ్ళు చేయగలిగిన పని ఒకటి ఉంది. అంతకుముందే ఆ గుండె ఇచ్చి ఉండగల హెచ్చరికలూ కొన్ని ఉన్నాయి. ఈ రెండూ మీకు చెప్పడమే ఈనాటి ప్రసంగం ఉద్దేశం.

దీనికి మన ప్రాంతంతో సంబంధమున్న పాత కథ ఒకటి ఉంది. ముందు అది వినండి.

1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. నిజాముల కాలంలో మన పెద్దలు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాదు వైపే చూసేవారు. ఆ హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ఉండేవాడు. ఆయన రెసిడెన్సీ సర్జను, హైదరాబాదు వైద్య పాఠశాలకు ప్రిన్సిపాలు. శస్త్రచికిత్సకు ముందు రోగికి క్లోరోఫారం వాసన చూపించి మత్తు ఇవ్వడంలో ఆయనది అందె వేసిన చేయి.

క్లోరోఫారం మత్తును ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, రెండు మూడు నిమిషాల్లో ప్రాణం విడిచింది. అలాంటి మరణాలు ఆ తర్వాతా అక్కడక్కడ జరుగుతూనే వచ్చాయి. పెద్ద ఆపరేషనుకు కాదు, మత్తు ఎక్కువై కాదు. పంటి కోసమో గోరు కోసమో, మత్తు ఇంకా ఎక్కుతూ ఉండగానే, మంచి వయసులో ఉన్నవాళ్ళు పోయేవారు. దాంతో వైద్యులు రెండు వర్గాలుగా చీలారు. క్లోరోఫారం ముందు ఊపిరిని ఆపుతుంది కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలన్నది ఒక వర్గం. అది నేరుగా గుండెను దెబ్బ తీస్తుంది, నాడి కూడా చూడాలన్నది రెండో వర్గం. గుండె ముందా, ఊపిరి ముందా? ఇదీ వారి తగవు.

లారీది మొదటి వర్గం. ఆయన మాట మీద నిజాం ప్రభుత్వం 1888లో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పాటు చేసింది. కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి పరీక్షించారు. ఊపిరే ముందు ఆగుతుంది, గుండె ఆ తర్వాతే అని తేల్చారు. లండనులోని ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్ దీన్ని నమ్మలేదు. అప్పుడు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపించి మళ్ళీ పరీక్ష చేయించండి అన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు లండను నుంచి హైదరాబాదు వచ్చాడు. రెండో కమిషన్ వందల కొద్దీ జంతువుల మీద, కోతుల మీద కూడా, పరీక్షలు జరిపింది. ఈ పనిలో పాలు పంచుకున్నవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఆమె హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, ప్రపంచంలోనే మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరుగా పేరు తెచ్చుకున్నారు. గుండె దెబ్బ తింటుందన్న నమ్మకంతో వచ్చిన బ్రంటన్ ఈ పరీక్షలు చూసి మనసు మార్చుకున్నాడు. ఊపిరే ముందు అని లండనుకు కబురు పంపాడు.

శ్రోతలారా, అంత ఖర్చు పెట్టి, అంత శ్రద్ధగా చేసిన పని చివరికి సగం నిజమే చెప్పింది. ఎందువల్ల? అది తెలియాలంటే గుండె లోపల ఏముందో ఒకసారి చూడాలి.

మన పొలంలో మోటారు పంపు ఉందనుకోండి. నీళ్ళు రావాలంటే పైపు బాగుండాలి, కరెంటు సరిగా ఉండాలి. పైపు పూడుకుపోతే ఒక రకం చిక్కు, కరెంటు తేడా చేస్తే మరో రకం చిక్కు. గుండె కూడా పంపే. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే దాన్ని గుండెపోటు అంటాం. అది పైపు చిక్కు. గుండెలో పుట్టే విద్యుత్తు గతి తప్పితే అది లయ దోషం. అది కరెంటు చిక్కు. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. అయితే మొదటిది వచ్చినప్పుడు రెండోది వెంట రావడం మామూలు. గుండెపోటులో మొదటి గంటలోనే జరిగే మరణాలకు చాలావరకు ఈ లయ దోషమే కారణం.

గుండెకు కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? బయటినుంచి రాదు, తనలోనే పుడుతుంది. గుండెలో నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. శరీరానికీ ఊపిరితిత్తులకూ రక్తాన్ని తోసే బరువంతా జఠరికలదే. కుడి కర్ణిక పైభాగంలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట, చిన్న కణజాలపు ముద్ద ఉంటుంది. దాని పేరు సిరాకర్ణికా కణుపు. నిమిషానికి 60 నుంచి 100 సార్లు తనంతట తానే విద్యుత్ ప్రేరణ పుట్టించడం దాని పని. ఆ లెక్కన మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది.

ఆ ప్రేరణ కర్ణికల్లో వ్యాపించి, కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న రెండో కణుపును చేరుతుంది. అక్కడ సెకనులో పదో వంతు ఆగుతుంది. కర్ణికల్లోని రక్తం జఠరికల్లోకి దిగడానికి ఆ ఆలస్యం అవసరం. ఆ పైన హిస్ కట్ట అనే సన్నని దారి వెంట కిందికి దిగి, కుడి ఎడమ శాఖలుగా చీలి, చివరికి పుర్కింజీ తంతువుల వలలోకి పోయి, రెండు జఠరికలనూ ఒకే ఊపున ముడుచుకునేట్టు చేస్తుంది. మన నౌబాదు దగ్గరి కారేజు చూశారు కదా. పైన నడిచేవాడికి కనిపించేది అక్కడక్కడ బావి నోరు మాత్రమే. నీళ్ళు నేల కింద సొరంగంలో ఒక క్రమంగా ప్రవహిస్తూ ఉంటాయి. గుండెలోని ఈ వాహక వ్యవస్థ కూడా అలాగే కండరం లోపల దాగి ఉంటుంది.

దాగి ఉంది కాబట్టే దాన్ని కనుక్కోవడానికి చాలా కాలం పట్టింది. 1839లో పుర్కింజీ గొర్రె గుండెలో ఆ చివరి తంతువులను చూశాడు గాని వాటి పని తెలియలేదు. 1893లో విల్‌హెల్మ్ హిస్ మధ్యనున్న కట్టను గుర్తించాడు. 1906లో జపాను దేశపు సునావో తవారా జర్మనీలో పనిచేస్తూ రెండో కణుపును కనుక్కుని, కట్టా తంతువులూ అన్నీ దానితో కలిసిన ఒకే వ్యవస్థ అని చూపించాడు. మరుసటి ఏడు, 1907లో, ఇంగ్లండులో ఆర్థర్ కీత్, ఆయన దగ్గరున్న వైద్య విద్యార్థి మార్టిన్ ఫ్లాక్ అన్నిటికీ మూలమైన పై కణుపును కనుగొన్నారు. దాదాపు అదే కాలంలో, 1903లో, హాలెండు దేశస్థుడు ఐంథోవెన్ ఈ విద్యుత్తును కచ్చితంగా గీతలుగా గీసే యంత్రం గురించి ప్రకటించాడు. ఈనాడు మనం ఈసీజీ అంటున్నది అదే. ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మళ్ళీ హైదరాబాదుకు వద్దాం. 1889 నాటికి ఈసీజీ వాడుకలో లేదు. హిస్ కట్ట ఇంకా తెలియదు. కమిషన్ వారు జంతువుల రక్తపు ఒత్తిడిని, ఊపిరిని గీతలుగా తీసుకుని చూశారు. చాలా పరీక్షల్లో క్లోరోఫారం నిండుగా ఇస్తూ పోయారు. నిండుగా ఇస్తే నిజంగానే ఊపిరి ముందు ఆగుతుంది. వాళ్ళు చూసింది అబద్ధం కాదు. కాని ఆసుపత్రుల్లో మనుషులు పోతున్నది అలా కాదు. మత్తు పలచగా ఉన్నప్పుడు, భయంతో ఒళ్ళు వణుకుతున్నప్పుడు, కత్తి తగిలిన క్షణాన పోతున్నారు.

సరిగ్గా అదే 1889లో స్కాట్లండులోని అబర్డీనులో మెక్‌విలియం అనే ఆచార్యుడు ఒక వ్యాసం రాశాడు. మనిషి హఠాత్తుగా పోవడానికి కారణం గుండె నిశ్శబ్దంగా నిలిచిపోవడం కాకపోవచ్చు, జఠరికల కండరం క్రమం తప్పి అల్లకల్లోలంగా వణకడం కావచ్చు అన్నాడు. ఆ మాట అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 1911లో, గుడ్‌మన్ లీవీ అనే వైద్యుడు పిల్లుల మీద పరీక్షించి చూపించాడు. క్లోరోఫారం పలచగా ఉన్నప్పుడు, భయంలోనూ ఉద్రేకంలోనూ ఒంట్లో పుట్టే ఎడ్రినలిన్ తోడైతే, జఠరికలు ఉన్నట్టుండి వణుకుడులో పడతాయి. ఊపిరి ఇంకా ఆడుతూ ఉండగానే గుండె పని అయిపోతుంది. అంటే ఆ చిన్న చిన్న ఆపరేషన్లలో జరిగిన మరణాలకు మూలం గుండె లయలో ఉంది. క్లోరోఫారం వాడకం ఆ తర్వాత క్రమంగా తగ్గి, మెరుగైన మత్తుమందులు వచ్చాయి.

ఈ వణుకు ఎలా ఉంటుందో ఒక పోలికతో చెబుతాను. పీర్ల పండుగలో డప్పులవాళ్ళు పదిమంది ఒకే దరువు వేస్తే ఊరంతా అడుగు కలుపుతుంది. ఆ పదిమందీ ఎవరి దరువు వాళ్ళు వేశారనుకోండి. చప్పుడు చాలానే ఉంటుంది, అడుగు మాత్రం పడదు. వణికే జఠరిక పరిస్థితి అదే. ప్రతి పోగూ కదులుతూనే ఉంటుంది, ఒక్క చుక్క రక్తం ముందుకు పోదు. పది పదిహేను సెకండ్లలో మనిషికి స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బ తినడం మొదలవుతుంది.

జఠరికల్లో ఈ లయ దోషం పుట్టే దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది, మధ్యలో ఎవడో తొందరపడటం. పై కణుపు ఆజ్ఞ రాకముందే జఠరికలోని ఏదో ఒక చోటు తనంతట తానే పలుకుతుంది. రక్తం సరిగా అందని కండరం, ఒంట్లో పొటాషియం తగ్గడం, విపరీతమైన ఉద్రేకం, ఇవి దీనికి కారణాలు. "గుండె ఒక దెబ్బ తప్పినట్టయింది, తర్వాత ఒక పెద్ద దెబ్బ కొట్టింది" అని కొందరు చెప్పేది ఈ అకాలపు స్పందనే. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అప్పుడప్పుడు ఇది వస్తే సాధారణంగా ప్రమాదం లేదు. ఈ మాట విని భయపడేవాళ్ళే ఎక్కువ కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

రెండోది, తేరుకోకముందే తగిలే దెబ్బ. ప్రతి స్పందన తర్వాత కండరకణం తనలోని లవణాలను సరిదిద్దుకుని మళ్ళీ సిద్ధం కావాలి. ఆ తేరుకోవడం ఆలస్యమైతే మధ్యలోనే ఇంకో నిప్పురవ్వ లేస్తుంది. కొందరికి ఈ ఆలస్యం పుట్టుకతోనే ఉంటుంది. కొందరికి వాంతులు విరేచనాలతో పొటాషియం, మెగ్నీషియం పడిపోయినప్పుడు వస్తుంది. కొందరికి కొన్ని మందుల వల్ల వస్తుంది. కొన్ని యాంటీబయాటిక్ మందులూ, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులూ వీటిలో ఉన్నాయి. ఇది విని మందులు మానేయకండి. కాని మందుల షాపులో అడిగి తెచ్చుకుని నాలుగు రకాలు కలిపి మింగే అలవాటు ఉంటే అది మానండి.

మూడోది సుడి. మంజీరలో వరద వచ్చినప్పుడు బండరాయి పక్కన నీళ్ళు సుడి తిరగడం చూశారు కదా. ముందుకు పోవలసిన నీళ్ళు అక్కడక్కడే తిరుగుతాయి. ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గినవాళ్ళ గుండెలో చచ్చిన కండరం మచ్చగా మిగులుతుంది. విద్యుత్ ప్రేరణ ఆ మచ్చను చుట్టి, పక్కనున్న బతికిన పోగుల్లోంచి మెల్లగా నడిచి, బయలుదేరిన చోటికే మళ్ళీ వచ్చి చేరుతుంది. అలా చుట్లు తిరుగుతూ జఠరికను నిమిషానికి నూటయాభై, రెండు వందల సార్లు కొట్టిస్తుంది. జఠరికల్లో పుట్టే ప్రాణాంతకమైన దడలకు పెద్ద కారణం ఈ సుడే. ఆ దడ ముదిరి వణుకుడుగా మారితే మనిషి కుప్పకూలిపోతాడు.

మచ్చ గుండెపోటు వల్లనే పడనక్కరలేదు. ఇక్కడ మళ్ళీ హైదరాబాదు ప్రస్తావన వస్తుంది. హైదరాబాదు వైద్యులు సి. నరసింహన్, ఆయన సహచరులు 2011లో ఒక అమెరికా హృద్రోగ పత్రికలో ఒక పరిశీలన ప్రకటించారు. రక్తనాళాల్లో అడ్డు లేదు, గుండె బలం తగ్గలేదు, అయినా జఠరికల దడ వస్తున్న రోగులను వాళ్ళు వెతికి చూశారు. కొందరి ఛాతీలో గ్రంథులు వాచి ఉన్నాయి. వాటి ముక్క తీసి పరీక్షిస్తే కొందరిలో క్షయ, కొందరిలో సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు బయటపడింది. ఆ జబ్బే గుండె కండరంలోకీ పాకి, అక్కడ సుడికి చోటు చేసింది. లయను అదుపు చేసే చికిత్సతో పాటు మూలరోగానికి కూడా చికిత్స చేశారు. క్షయ అంటే ఊపిరితిత్తుల జబ్బని మాత్రమే అనుకునే మనకు ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. దడకు మందు రాయించుకోవడంతో పని తీరదు. ఆ దడ ఎక్కడినుంచి పుట్టిందో చూడాలి.

ఈ మాటకు ఇంకో రుజువు చెబుతాను. గుండెపోటు తర్వాత అకాలపు స్పందనలు ఎక్కువగా వచ్చేవాళ్ళకు ప్రమాదం ఎక్కువని వైద్యులకు తెలుసు. అయితే ఆ స్పందనలను మందుతో అణిచేస్తే ప్రమాదం తగ్గాలి కదా? అలాగే అనుకున్నారు. అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించి చూస్తే 1989లో ఫలితం తలకిందులుగా వచ్చింది. ఆ మందులు స్పందనలను అణిచాయి, కాని అవి వేసుకున్నవాళ్ళలోనే ఎక్కువమంది చనిపోయారు. హైదరాబాదు కమిషనుకు సరిగ్గా నూరేళ్ళ తర్వాత వైద్యలోకానికి మళ్ళీ అదే పాఠం. కళ్ళకు కనిపించిన గుర్తు ఒకటి, లోపల జరిగేది ఒకటి. అందుకే దడ తగ్గించే మాత్రలు పక్కింటాయనకు పనిచేశాయని మీరు వేసుకోకూడదు. డాక్టరు రాసినవి మీ అంతట మీరు పెంచకూడదు, తగ్గించకూడదు.

ఇక హెచ్చరికల సంగతి. ఎవరికి ఈసీజీ తప్పక తీయించాలి?

పరుగెత్తుతున్నప్పుడో, బరువు పని చేస్తున్నప్పుడో, ఈత కొడుతున్నప్పుడో స్పృహ తప్పి పడిపోయినవాళ్ళకు తీయించాలి. ఎండలో నిలబడి కళ్ళు తిరగడం వేరు, పరుగు మధ్యలో కూలిపోవడం వేరు. దడ వచ్చి దానితో పాటు కళ్ళు చీకట్లు కమ్మినవాళ్ళకు తీయించాలి. ఇంట్లో తండ్రో, అన్నో, అక్కో నలభై ఏళ్ళ లోపు హఠాత్తుగా పోయి ఉంటే మిగతా రక్తసంబంధీకులందరికీ తీయించాలి. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళు గుండె బలం ఎంత ఉందో ఎకో పరీక్షతో తెలుసుకోవాలి.

ఇంకొక్క మాట, ముఖ్యంగా తల్లులకు. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. పుట్టుచెవుడుతో పాటు గుండె తేరుకోవడం ఆలస్యమయ్యే జబ్బు ఒకటుంది. 1957లో నార్వే దేశంలో ఒక కుటుంబంలో దీన్ని గుర్తించారు. తల్లీ తండ్రీ ఇద్దరినుంచీ ఆ దోషం సంక్రమిస్తేనే ఇది వస్తుంది కాబట్టి దగ్గరి సంబంధాల్లో దీనికి అవకాశం పెరుగుతుంది. ఇది అరుదైన జబ్బే. కాని చెవుడున్న బిడ్డ భయపడినప్పుడో, పరుగెత్తినప్పుడో పడిపోతే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించి ఊరుకోకండి. మూర్ఛ అనే మందు మొదలుపెట్టినా, ఒక్కసారి ఈసీజీ తీయమని అడగండి. చెవుడు లేకుండా కూడా ఇలాంటి జబ్బు ఉండవచ్చు. కనిపెడితే వీటికి మందులున్నాయి, బిడ్డ బతుకుతుంది.

చికిత్సలూ చాలా వచ్చాయి. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, సుడి తిరిగే చోటును గుర్తించి, వేడితో దాన్ని మాడ్చివేస్తారు. ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం అమర్చుతారు. లయ తప్పిన క్షణాన అది లోపలినుంచే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. మిషెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుడు పట్టుబట్టి తయారుచేసిన ఈ యంత్రాన్ని 1980లో మొదటిసారి మనిషికి అమర్చారు. అది ఖరీదైనదే. అందరికీ అవసరం లేదు కూడా. ఎవరికి అవసరమో నిపుణులు చెప్పాలి. మనకు బీదరులో వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రి ఉంది. కలబురగిలో జయదేవ హృద్రోగ సంస్థ ఉంది. హైదరాబాదులో నిమ్స్ ఉంది.

అయితే హైదరాబాదు ఇక్కడికి సుమారు 140 కిలోమీటర్లు. కుప్పకూలిన మనిషికి ఉన్నది నాలుగైదు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో అతనికి దగ్గరగా ఉన్న ఆసుపత్రి మీ రెండు చేతులే.

ఏం చేయాలో శ్రద్ధగా వినండి. మనిషి పడిపోయాడు. భుజం తట్టి గట్టిగా పిలవండి. పలకడు. ఛాతీ చూడండి. మామూలుగా ఊపిరి ఆడటం లేదు. ఇక్కడే ఒక మోసం ఉంది. గుండె పని ఆగినా కాసేపు గురకలాగ, ఎగశ్వాసలాగ అప్పుడొకటి ఇప్పుడొకటి ఊపిరి వస్తూ ఉంటుంది. "ఇంకా ఊపిరి ఉంది" అని చాలామంది చూస్తూ ఉండిపోతారు. అది ఊపిరి కాదు. ఒకరు వెంటనే 108కి ఫోను చేయండి. మీరు కర్ణాటకలో ఉన్నా, హద్దు అవతల తెలంగాణలో ఉన్నా నంబరు అదే. ఇంకొకరు మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ నడిమధ్యన ఎముక మీద ఒక అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నిటారుగా నొక్కండి. పెద్దవాళ్ళకు ఐదారు సెంటీమీటర్లు దిగాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. మీకు అలసట వస్తే ఇంకొకరు అందుకోవాలి, మధ్యలో ఆపకూడదు. నేర్చుకోనివాళ్ళు నోటితో ఊపిరి ఊదనక్కరలేదు, నొక్కితే చాలు.

నోట్లో నీళ్ళు పోయకండి. చేతిలో తాళంచెవి పెట్టకండి. ఉల్లిగడ్డ వాసన చూపిస్తూ కాలం పోనివ్వకండి. పక్కటెముక విరుగుతుందేమో అని భయపడకండి. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

ఇలా నొక్కడం వల్ల వణికే గుండె నయం కాదు. మెదడుకు కాస్త రక్తం అందుతూ ఉంటుంది, అంతే. వణుకును ఆపేది విద్యుత్ షాక్. 1947లో అమెరికాలో క్లాడ్ బెక్ ఆపరేషను బల్ల మీద 14 ఏళ్ళ కుర్రవాడి గుండెకు నేరుగా షాక్ ఇచ్చి మొదటిసారి బతికించాడు. ఈనాడు మామూలు మనిషి కూడా వాడగలిగే చిన్న యంత్రాలు వచ్చాయి. ఏం చేయాలో అవే మాటలతో చెబుతాయి. షాక్ అవసరం లేకపోతే ఇవ్వవు. ఏ సాయమూ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం పదింట ఒక వంతు దాకా తగ్గిపోతుంది. నొక్కేవాళ్ళుంటే ఆ తగ్గుదల నెమ్మదిస్తుంది. 108 వచ్చేదాకా మీరు నిలబెట్టేది ఆ అవకాశాన్నే.

కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న 46 ఏళ్ళ వయసులో గుండెపోటుతో హఠాత్తుగా పోయినప్పుడు మన సరిహద్దు గ్రామాల్లోనూ ఎందరో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆయన పేరిట కర్ణాటక ప్రభుత్వం హృదయజ్యోతి పథకం మొదలుపెట్టింది. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకు తాలూకా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి, దూరాన ఉన్న నిపుణులకు పంపి, వాళ్ళు చెప్పిన మీదట రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను ఇవ్వడం దాని ఉద్దేశం. మీ తాలూకా ఆసుపత్రిలో ఈ సదుపాయం ఎలా ఉందో, షాక్ ఇచ్చే యంత్రం ఉందో లేదో, అవసరం రాకముందే అడిగి తెలుసుకోండి. మీ ఊరి బడిలోనో, పంచాయతీలోనో ఒక పూట ఛాతీ నొక్కడం నేర్పించమని ఆరోగ్య కార్యకర్తను అడగండి. పదో తరగతి పిల్లలు కూడా గంటలో నేర్చుకుంటారు.

గుండె ముందా, ఊపిరి ముందా అని నూట ముప్పై ఏళ్ళ క్రితం పండితులు వాదించుకున్నారు. ఆ వాదం పండితులకు అవసరమే. దానివల్లనే ఈనాడు మనకు ఇన్ని సంగతులు తెలిశాయి. కాని మీ ఇంటి గడపలో మనిషి కూలిపోయినప్పుడు ఆ లెక్క మీరు తేల్చనక్కరలేదు. పలకడం లేదు, సరిగా ఊపిరి లేదు అంటే చాలు. ముందు మీ చేతులు కదలాలి.